అతుకుల బొంతకు పాత గుడ్డలు కత్తిరించుకోవడం ఎలా?

అతుకుల బొంత కుట్టడం కష్టమని అందరూ అంటారు. నన్నడిగితే కుట్టడంలో పెద్ద కష్టమేం లేదు, మిషన్ మీద తిన్నగా ఒక కుట్టు వేయడం వస్తే చాలు. బొంత పదేళ్ళు ఉంటుందా, రెండు ఉతుకులకే పిగిలిపోతుందా అనేది కత్తెర దగ్గరే తేలిపోతుంది. మనలో చాలామంది ముందు డిజైన్ అనుకుని, తర్వాత దానికి గుడ్డ వెతుకుతారు. కొత్త గుడ్డకు ఆ పద్ధతి సరిపోతుంది. పాత చీరలు, పాత చొక్కాలు, టైలర్ దగ్గర తెచ్చిన ముక్కలతో చేసేటప్పుడు మాత్రం ఏ గుడ్డలో ఎంత సత్తువ మిగిలిందో చూసి, దాన్ని బట్టి ముక్క సైజు తేల్చుకోవాలి. డిజైన్ ఆ తర్వాతి సంగతి.

ఈ పనికి నెల్లూరు, ఒంగోలు వైపు మంచి కాలం సంక్రాంతి తర్వాత మొదలవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. ఉతికిన గుడ్డ సరిగ్గా ఆరదు, తేమ మిగిలిన గుడ్డ కత్తిరిస్తే కొలతలు నిలవవు. రోహిణి కార్తెలో ఫ్యాన్ వేయకుండా కూర్చోలేం, ఫ్యాన్ వేస్తే ముక్కలన్నీ ఇల్లంతా ఎగురుతాయి. అందుకని ఫిబ్రవరి, మార్చి నెలల్లో కటింగ్ ముగించుకోండి. కుట్టుపని ఎండాకాలం మధ్యాహ్నాల్లో నీడపట్టున చేసుకోవచ్చు.

ముందు ఏరుకోవడం

బీరువా ఖాళీ చేసి ఉన్నవన్నీ మంచం మీద పోయండి. నూలు చీరలు, జాకెట్ ముక్కలు, లంగాలు, పంచెలు, లుంగీలు, పిల్లల గౌన్లు, నూలు చొక్కాలు, నైటీలు, ఏవైనా సరే. అందులోంచి మొదట కొన్ని తీసి పక్కన పెట్టేయాలి. నైలాన్, జార్జెట్, సాగే బనియన్ గుడ్డ ఈ బొంతకు వద్దు. నూలో పాలిస్టరో తెలియకపోతే అంచునుంచి రెండు పోగులు లాగి, సింకు దగ్గర పట్టకారుతో పట్టుకుని అంటించి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది. పట్టు అయితే వెంట్రుకలు కాలిన కంపు. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. పాలిస్టర్ కలిసిన నూలు వాడకూడదని కాదు, కానీ అలాంటివన్నీ ఒక చోట చేర్చి వేరే బొంత చేసుకోండి. నూలుకు సరిపడే ఇస్త్రీ వేడి వాటికి ఎక్కువవుతుంది.

అసలు కత్తిరించకూడనివి కూడా ఉంటాయి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు చీరాల బాపట్లకూ, వెంకటగిరి తిరుపతికీ పోయాయి గానీ, మన ఇళ్ళ ట్రంకుపెట్టెల్లో ఆ రెండు ఊళ్ళ నేత ఇంకా ఉంది. చీరాల వైపు నేసిన పాత తేలియా రుమాలు దొరికితే కత్తెర దూరంగా పెట్టండి. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్ళలో మళ్ళీ మళ్ళీ నానబెట్టి, ఎరుపు, నలుపు, తెలుపుల్లో నేసిన గుడ్డ అది. ఒకప్పుడు చీరాల దానికి పేరుపడ్డ చోటు. చిరిగినా సరే, మడిచి దాచుకోవాల్సిందే. జరీ బుటాలున్న పాత వెంకటగిరి చీరకూ ఇదే మాట. దాని నూలు బాగా సన్నం కాబట్టి బొంతలో ఎలాగూ ఎక్కువకాలం నిలవదు. అమ్మమ్మ గుర్తుగా వాడాలని మరీ మనసైతే ఒక్క బుటా ఉన్న ముక్క తీసి, వెనక మల్లు గుడ్డ వేసి కుట్టి, బొంత మధ్యలో పెట్టుకోండి.

సత్తువ చూడటం

ఇది కాస్త నిదానంగా చేయాలి. గుడ్డను కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకోండి. బాగున్న చోట నేత ఒత్తుగా, ఒకే తీరుగా కనిపిస్తుంది. అరిగిన చోట పేక పోగులు (అడ్డం పోగులు) పక్కకు జరిగి, మధ్యలో పడుగు పోగులు (నిలువు పోగులు) మాత్రం మిగులుతాయి, వెలుతురు గీతలు గీతలుగా వస్తుంది. ఆ తర్వాత రెండు చేతులతో గుప్పెడంత ఎడంగా పట్టుకుని, రెండు బొటనవేళ్ళూ పక్కపక్కన ఆనించి గట్టిగా ఒక్క గుంజు గుంజండి. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. చర్రుమని చప్పుడొస్తే ఆ భాగం పనికిరాదు. చప్పుడు లేకుండా పోగులు కొంచెం ఎడమైతే అది పెద్ద ముక్కగా వద్దు, చిన్న ముక్కగా పనికొస్తుంది. ఎందుకంటే చిన్న ముక్కలో కుట్లు దగ్గర దగ్గరగా పడతాయి, లాగుడు మొత్తం ఒకే చోట పడదు.

చీర అంతా ఒకేలా అరగదు. కూర్చునే చోట వెనక భాగం, కుచ్చిళ్ళ కింది అంచు, భుజం మీద పిన్ను గుచ్చే చోటు, ఈ మూడే ముందు పోతాయి. లోపలికి దోపుకునే మొదటి చుట్టు మాత్రం దాదాపు కొత్తగా ఉంటుంది. ఎండ తగలదు కాబట్టి రంగూ అసలు రంగే. పాత చీరలో మొదట కత్తెర పెట్టాల్సింది అక్కడ. ఫాల్ ఉంటే ఊడదీయండి. దాని కింద రంగు వేరుగా, సూది బెజ్జాలు వరసగా ఉంటాయి. ఆ పట్టీని విడిగా కత్తిరించేసి పక్కన పడేయండి, మిగతా దాంట్లో కలపకండి.

చొక్కాల్లో వీపు భాగమే పెద్ద ముక్క. కుట్లు విప్పుతూ కూర్చోవద్దు, కుట్టు పక్కనుంచే కోసేయండి. కాలరు, కఫ్‌లు పనికిరావు. బొత్తాలు మాత్రం కోసి డబ్బాలో వేసుకోండి. లంగాలను తక్కువగా చూడకండి. పాప్లిన్ లంగా అంటే రెండు మూడు మీటర్ల సాదా రంగు గుడ్డ, పైగా చీర కింద ఉండి ఎండ చూడనిది. పూలగుడ్డల మధ్య కంటికి విశ్రాంతినిచ్చేది అదే.

టైలర్ ముక్కలు, కొత్త గుడ్డలు

జాకెట్లు కుట్టే టైలర్ దగ్గర రోజూ ముక్కలు మిగులుతాయి. పండగల ముందూ, పెళ్ళిళ్ళ సీజన్లోనూ వెళ్తే ఇంకా ఎక్కువ. అడగడానికి మొహమాటం అక్కర్లేదు, "సంచి తెచ్చుకుని పట్టుకుపో అక్కా, మాకూ ఊడ్చే పని తప్పుతుంది" అనేవాళ్ళే ఎక్కువ. టూ బై టూ రూబియా ముక్కలు దొరికితే వదలకండి. లైనింగ్ ముక్కలు మాత్రం చూసి తీసుకోవాలి. అందులో పల్చటివి, నాసిరకం రంగువి చాలా ఉంటాయి.

పాతకాలపు వాలకం ఉన్న చిన్న చిన్న పూల ప్రింట్లు కావాలంటే పేరున్న షోరూములు తిరగనక్కర్లేదు. కట్‌పీస్ దుకాణాల్లో నైటీల కోసం తెచ్చే నూలు గుడ్డ చూడండి. మన అమ్మల కాలం వాయిల్ చీరల మీద ఉండే చిన్న పూలు, తీగలు, చుక్కలు అన్నీ అందులో ఇంకా వస్తున్నాయి. నెల్లూరు దగ్గర పాటూరు నేత చీరల్లో మిగిలిన జాకెట్ గుడ్డ, పాత గళ్ళ లుంగీ, ఈ పూల గుడ్డ, మూడూ కలిపితే చూడముచ్చటగా ఉంటాయి. ఒక్క జాగ్రత్త. కొత్త గుడ్డ ఉతికితే కుంచించుకుపోతుంది. పాతది ఆ పని ఎప్పుడో ముగించేసింది. కొత్తదాన్ని ఉతక్కుండా కలిపి కుట్టారంటే మొదటి ఉతుకులోనే బొంత ఉబ్బెత్తుగా, ముడతలు ముడతలుగా తయారవుతుంది.

ఉతకడం, గంజి పెట్టడం

అన్నీ ఉతకాలి. ముదురు ఎరుపు, నీలం, కలంకారీ గుడ్డలను విడిగా నానబెట్టి, తడిగా ఉన్నప్పుడే ఒక తెల్ల గుడ్డ మీద పరిచి చేత్తో నొక్కండి. తెల్లగుడ్డకు రంగు అంటితే ఇంకా ఉతకాలి. నాలుగైదు నీళ్ళకు కూడా రంగు ఆగకపోతే ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. ఒక్క ఎర్రముక్క పక్కనున్న తెల్లముక్కలన్నిటినీ పాడుచేస్తుంది. నీడలో ఆరేయండి. సముద్రం దగ్గరి ఊళ్ళవాళ్ళు, కొత్తపట్నం, రామాయపట్నం వైపు వాళ్ళు ముఖ్యంగా, గుడ్డకు ఇనుప క్లిప్పులు, పిన్నీసులు పెట్టి వదలకండి. ఉప్పు గాలికి తుప్పు పట్టి మరక పడితే అది పోదు.

పాత నూలు మెత్తగా ఉంటుంది, కత్తెర కింద జారుతుంది, వేళ్ళ కింద సాగుతుంది. దానికి మన పెద్దవాళ్ళు వాడిన గంజే మందు. అన్నం వార్చిన గంజిని వడగట్టి, సమానంగా నీళ్ళు కలిపి, గుడ్డ ముంచి, గట్టిగా పిండకుండా ఆరేయండి. కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేయండి. ఇస్త్రీపెట్టెను పైనుంచి నొక్కి ఎత్తాలి, రుద్దుకుంటూ పోతే నేత వంకర పోతుంది. గంజి పెట్టిన గుడ్డ కాగితంలా నిలబడి గీత గీసినట్టు కత్తిరించుకుంటుంది. (ఇప్పుడు అందరివీ కుక్కర్లే కాబట్టి గంజి దొరక్కపోతే రెండు చెంచాల బియ్యప్పిండి కాచి వాడుకోండి. నెల్లూరు మొలగొలుకుల గంజి అయితే ఇంకా బాగుంటుందని మా ఇంట్లో పెద్దవాళ్ళు వాదిస్తారు. నాకు తేడా కనపడలేదు.) గంజి గుడ్డలను నెలల తరబడి దాచకండి, పురుగులు, బొద్దింకలు చేరతాయి. ఈ నెల కత్తిరించేవాటికే గంజి పెట్టుకోండి.

పనిముట్లు

పది అంగుళాల టైలర్ కత్తెర ఒకటి, దాంతో కాగితం కత్తిరించే ప్రసక్తే ఉండకూడదు. మొద్దుబారితే సాన పట్టించండి. ఇనుప స్కేలు, సుద్ద, వడ్రంగులు వాడే మూలమట్టం. మూల సరిగ్గా తొంభై డిగ్రీలు ఉందో లేదో మూలమట్టం చెప్పినంత కచ్చితంగా కన్ను చెప్పలేదు. చాలా ముక్కలు చేసేవాళ్ళు 45 మిల్లీమీటర్ల రోటరీ కట్టరు (గుండ్రటి బ్లేడు తిరుగుతూ కోసేది), దాని కింద పరిచే మ్యాటు, పారదర్శక స్కేలు కొనుక్కోవచ్చు. పని చాలా త్వరగా అయిపోతుంది. కట్టరును శరీరానికి అవతలివైపుకు నడపాలి, కింద పెట్టిన ప్రతిసారీ బ్లేడు మూత వేయాలి, ఇంట్లో పిల్లలుంటే మరీను. మ్యాటును ఎండలో, మిద్దె మీద గదిలో నిలబెట్టి వదిలితే మన వేడికి వంగిపోతుంది, మళ్ళీ తిన్నగా రాదు. మ్యాటు లేకుండా గచ్చు మీద కట్టరు నడిపితే బ్లేడు పోతుంది.

అచ్చుకు అట్టముక్క వద్దు. నాలుగుసార్లు సుద్ద గీసేసరికి దాని అంచు అరిగిపోయి, తర్వాతి ముక్కలన్నీ తలా ఒక సైజులో వస్తాయి. పాత ఎక్స్‌రే ఫిల్ము కోసి వాడండి, గట్టిగా ఉంటుంది, గుడ్డ మీది పువ్వు కూడా లోపలినుంచి కనిపిస్తుంది.

నేత దారి పట్టుకోవడం

పడుగు నిలువు, పేక అడ్డం. ఈ రెండు దిక్కుల్లో గుడ్డ పెద్దగా సాగదు. ఏటవాలుగా లాగితే మాత్రం బాగా సాగుతుంది. కాబట్టి చదరపు ముక్క నాలుగు అంచులూ పడుగు పేకల వెంటే ఉండాలి. చీరలో అంచు వెంబడి పోయేది పడుగు, అది తెలుసుకోవడం తేలిక. టైలర్ ముక్కల్లో అంచు ఉండదు కదా. రెండు వైపులా కొంచెం లాగి చూడండి, తక్కువ సాగేది సాధారణంగా పడుగు.

నేత గుడ్డలో తిన్నని గీత దొరకాలంటే ఒక చిన్న గాటు పెట్టి, అక్కడి పేక పోగును ఒక్కదాన్ని పట్టుకుని మెల్లగా లాగండి. గుడ్డ ముడుచుకుంటూ పోతుంది, పోగు బయటికి వచ్చాక ఆ దారిలో సన్నని ఖాళీ గీత మిగులుతుంది. కత్తెర దాని వెంట పోనిస్తే చాలు. పోగు మధ్యలో తెగితే తెగిన చోటిదాకా కత్తిరించి, మళ్ళీ అందుకోండి. దుకాణంలో చింపినట్టు చింపడం కొత్త గుడ్డకు సరే, పాతదానికి వద్దు. గళ్ళు నేసిన గుడ్డకు ఇంత శ్రమ లేదు, గళ్ళే గీతలు. అచ్చు వేసిన గళ్ళు మాత్రం ఒక్కోసారి నేతతో కలవవు. అప్పుడు గళ్ళను నమ్మాలా, నేతను నమ్మాలా అంటే నేనైతే గళ్ళనే నమ్ముతాను. కొంచెం సాగినా కుట్టులో సర్దుకుంటుంది, వంకర గళ్ళు మాత్రం బొంత ఉన్నన్నాళ్ళూ కంటికి కొడతాయి.

లెక్క

ఒంటి మంచానికి 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడుగు బొంత అనుకుందాం. కుట్టాక 5 అంగుళాలు కనిపించే చదరాలైతే అడ్డం 12, నిలువు 18, మొత్తం 216. ప్రతి అంచుకూ కుట్టుకు పావు అంగుళం వదలాలి కాబట్టి కత్తిరించే సైజు 5½. నలభై నాలుగు అంగుళాల పన్నా (వెడల్పు) గుడ్డలో ఒక వరసకు ఎనిమిది వస్తాయి, మీటరుకు ఏడు వరసలు, అంటే 56 ముక్కలు. మొత్తానికి నాలుగు మీటర్ల గుడ్డ చాలన్నమాట. పాతవాటిలో వృథా ఎక్కువ, ఆరు మీటర్లకు సరిపడా పెట్టుకోండి.

వెనకవైపు గుడ్డ మర్చిపోవద్దు. ఉన్నవాటిలో గట్టి చీర ఒకదాన్ని ముట్టుకోకుండా పక్కన పెట్టండి. అయిదున్నర మీటర్ల చీరను 2.4 మీటర్ల చొప్పున రెండు ముక్కలు చేసి పక్కపక్కన కలిపితే ఈ బొంతకు వెనకభాగం అయిపోతుంది. చుట్టూ అంచు పట్టీకి రెండున్నర అంగుళాల వెడల్పు పట్టీలు ఎనిమిది, అంటే అర మీటరుకు కాస్త పైన. దానికి మాత్రం కొత్త గుడ్డే వాడండి, ఏ బొంతకైనా ముందు చిరిగేది అంచే.

త్రికోణాలకు లెక్క వేరు. ఒక చదరాన్ని మూలనుంచి మూలకు కోసి రెండు త్రికోణాలు చేస్తే, కుట్టాక 5 అంగుళాలు రావాలంటే చదరం 5⅞ ఉండాలి. టేపు మీద అయిదు దాటాక ఎనిమిది గీతల్లో ఏడో గీత. ఆ లెక్క తలనొప్పి అనిపిస్తే 6 అంగుళాలు కోసి, కుట్టాక 5½కి చుట్టూ సరిచేసుకోండి. త్రికోణాల పొడుగు అంచు ఏటవాలే, గంజి లేకుండా ఆ పని పెట్టుకోవద్దు.

ఒక గీత తేడా ఎంతలే అనుకోకండి. ముక్కకు ఎనిమిదో వంతు అంగుళం ఎక్కువైతే, పన్నెండు ముక్కల వరసలో అంగుళంన్నర తేలుతుంది.

కత్తిరించడం

టేబులు ఎత్తు నడుము దాకా ఉంటే నిలబడి చేయండి. కూర్చుని వంగితే నడుము పట్టేస్తుంది, చేయి కూడా వాలుతుంది. కత్తెరతో అయితే రెండు మడతలకు మించవద్దు, కట్టరుతో నాలుగు. జారే గుడ్డ ఒక్క మడతే. ముందు పెద్దవి, తర్వాత చిన్నవి. గుడ్డలో 5½ చదరం వచ్చే చోట చిన్నది కోయకండి. పెద్దదాన్ని ఎప్పుడైనా చిన్నది చేసుకోవచ్చు. 5½ రాని చోట 3½, అదీ రాకపోతే 2½ చదరాలు. సన్నగా పొడుగ్గా మిగిలితే రెండంగుళాల పట్టీలు. ఈ నాలుగు సైజులకే కట్టుబడండి, ముక్క ముక్కకీ కొత్త సైజు పెట్టుకుంటే తర్వాత ఏదీ దేనికీ అతకదు.

చీర అంచులు విడిగా తీయండి. అంచు నేత ఒత్తుగా ఉంటుంది, మధ్య గుడ్డతో పాటు ముడుచుకోదు. జరీ ఉంటే ఒంటికి గుచ్చుకుంటుంది కూడా. పొడుగ్గా చుట్టి దాచుకుంటే బొంత మధ్య భాగానికి చుట్టూ చట్రంలా వేసుకోవచ్చు. చంటిపిల్లల బొంతకైతే జరీ అంచు, అద్దాలు, పూసలు ఏవీ వద్దు. మెత్తబడ్డ పాత నూలు చీరలే వాళ్ళకు మేలు.

పెద్ద పువ్వునో నెమలినో ముక్క నడిమధ్యకు తెచ్చుకోవాలంటే ఫిల్ము అచ్చును దాని మీద పెట్టి జరుపుతూ చూసుకోండి. కుట్టులోకి పోయే పావు అంగుళాన్ని అచ్చు మీద ముందే గీసి పెట్టుకుంటే ముక్కు తెగిన నెమళ్ళు రావు. ఇలా ఏరి కోస్తే గుడ్డ బోలెడు వృథా అవుతుంది. ఒక బొంతకు నాలుగైదు చాలు.

ముక్కలను రంగుల వారీగా కాకుండా లేత, మధ్యస్థం, ముదురు అని మూడు దొంతులుగా పెట్టండి. పాతగుడ్డలన్నీ వెలిసి మధ్యస్థంలోకే వచ్చి చేరతాయి, బొంత మసకగా కనిపించడానికి కారణం అదే. ఫోన్‌తో నలుపు తెలుపులో ఫోటో తీసి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. తెలుపు తక్కువైతే పాత పంచెలున్నాయి, ముదురు తక్కువైతే లంగాలున్నాయి. నేల మీద టైల్స్ ఉంటే పరిచి చూసుకోవడం సుఖం. టైల్ గీతల వెంట ముక్కలు పేర్చుకుంటే వరస వంకర పోదు.

దొంతులకు పిన్నులు గుచ్చకండి. సూదికి లావు దారం ఎక్కించి, దొంతి మధ్యలోంచి దండ గుచ్చినట్టు గుచ్చి, రెండు వైపులా వదులుగా ముడి వేయండి. పైన కాగితం మీద సైజు, ఎన్ని ఉన్నాయో రాసి పెట్టుకోండి. కావాల్సినప్పుడు పైనుంచి ఒక్కొక్కటీ లాక్కోవచ్చు. ప్లాస్టిక్ కవర్లలో కట్టి పెడితే మన ఉక్కకు బూజు పడుతుంది. అట్టపెట్టెలోనో పాత దిండు గలీబులోనో పెట్టి, బాగా ఎండిన వేపాకు కాగితంలో చుట్టి వేయండి.

మొత్తం 216 ఒకేసారి కోసేయకండి. నాలుగు చదరాలు కోసి, రెండు రెండు చొప్పున కలిపి కుట్టి, ఇస్త్రీ చేసి కొలవండి. సరిగ్గా 10½ అంగుళాలు రావాలి. తక్కువొస్తే కుట్టు పావు అంగుళం దాటి లోపలికి పోతోంది, ఎక్కువొస్తే అంచుకు మరీ దగ్గరగా పడుతోంది. కుట్టు సరిచూసుకున్నా తేడా పోకపోతే అచ్చు కొలిచి చూడండి. 10½ వచ్చాకే మిగతా గుడ్డకు కత్తెర పెట్టండి. కింద రాలిన పేలికలు, రెండంగుళాల లోపువి, ఊడ్చి పారేయకుండా ఒక గలీబులో కూరుతూ పోండి. బొంత అయ్యేసరికి దిండు కూడా తయారవుతుంది. కాకపోతే బరువుగా ఉంటుంది, తలకింద కాకుండా వీపుకు ఆనించుకోవడానికి వాడుకోండి.